మాటలు రాసే యాప్

కొత్త యాప్ కంటబడితే చాలు, శివకుమారి చేతులు ఊరుకోవు. ఆకు ఫోటో తీస్తే తెగులు చెప్పే యాప్ వేసుకుంది. పత్తికీ ఉల్లికీ ఒకే మందు చెప్పేసరికి తీసేసింది. వాన కబురు చెప్పే యాప్ వారం వారం వానలు కురిపించేది, ఫోనులో మాత్రమే. అదీ పోయింది.

నిలిచింది ఒక్కటే, మాటలు రాసే యాప్. ఎదుటివాళ్లు నోరు తెరిస్తే చాలు, అన్నది అన్నట్టు తెర మీద తెలుగులో పడుతుంది. "నిన్ను తిట్టాలన్నా భయమైతాండాది, అంతా రాసి పెడతాండాది" అని మొగుడు ఉమామహేశ్ అన్న ఎగతాళి కూడా ఆమె అందులోనే చదువుకుని నవ్వింది.

కాన్పు జ్వరంలో ఆమెకు రెండు చెవులూ పోయాయి. కూతురు భూమిక ఏడుపు కూడా వినలేదు. ఆ పిల్లకు మూడేళ్లు నిండినా నోట మాట రాలేదు. మాట వస్తే తలనీలాలు ఇస్తామని ఉరుకుంద ఈరన్నకు మొక్కుకున్నారు. వినే రాత ఎలాగూ లేదు, బిడ్డ మొదటి మాటను చదువుకుంటే చాలు దేవుడా అనుకునేది ఆ తల్లి. అందుకే ఫోను ఎప్పుడూ మెడలో వేలాడేది.

ఆలూరు దారిలో చేను, చేని గట్టునే ఇల్లు. దగ్గరలో మరో గడప లేదు. ఇంటి వెనక ఆ మధ్య వేయించిన బోరులో దుమ్ము తప్ప ఏమీ పడలేదు. కేసింగ్ పైపు మట్టిలో ఊరికే పాతిపెట్టడం ఎందుకని ఉమామహేశ్ దాన్ని పీకించి, గుంత మీద గోనెపట్ట కప్పి బండ పెట్టాడు. ఆ పక్క అందరూ చేసేదే.

ఆ సాయంత్రం దీపాల వేళ కరెంటు పోయింది. భూమిక మంచం మీద నిద్రపోతోంది. శివకుమారి పొయ్యి వెలుగులో జొన్నరొట్టె తడుతోంది. పత్తికట్టె పొగకు కళ్లు మండుతున్నాయి. మెడలో తెర వెలిగింది.

"అమ్మా."

పిండి చేతులతోనే పరుగెత్తింది. పిల్ల పెదాలు కదలడం లేదు... నిద్రలోనే ఉంది.

"అమ్మా... ఈడ శానా చీకటి ఉండాది."

యాప్ చెడిందేమో! ఇన్ని యాప్‌లు చూసిన మనిషి, పరీక్ష ఆమెకు తెలుసు. ఫోను అడుగునున్న మైకును బొటనవేలితో మూసింది. తెర ఖాళీ. వేలు తీసింది.

"మూయొద్దమ్మా."

దారి వైపు ఫోను చాపింది. ఏమీ లేదు. పెరటి వైపు చాపింది. "రా... పాపను ఎత్తుకొని రా..." పత్తి తీసే కూలోళ్ల బిడ్డ ఎవరైనా బోరులో పడిందా? పిల్లను ఒంటరిగా వదల్లేక భుజాన వేసుకుని పరుగెత్తింది.

ఫోను వెలుగులో చూస్తే బండ పెట్టినచోటే ఉంది. దాని మీద దుమ్ము కూడా చెదరలేదు. నీటిచుక్క ఎరగని ఆ బోరులోంచి తడిమట్టి వాసన... అరికాళ్ల కింద నేల సన్నగా అదురుతోంది.

"ఎవరే నువ్వు?" అంది, తన గొంతు తనకే వినపడని ఆ మనిషి.

"అక్కను."

అక్కేమిటి? భూమిక తొలిచూలు బిడ్డ. శివకుమారి పిల్లను గట్టిగా హత్తుకుంది.

బండి లైటు పడింది. ఉమామహేశ్! ఆమె తెర చూపించింది. అతను మోకాళ్ల మీద కూలబడి బండకు చెవి ఆనించాడు.

"ఏమీ ఇనపడలేదే..." అని అతని గుసగుస తెర మీద పడింది.

ఎప్పుడు మేలుకుందో, భుజం మీది పిల్ల బండకేసి చూస్తోంది. ఆ చిన్న పెదాలు కదిలాయి. తల్లి ఇన్నాళ్లూ కాచుకున్న మొదటి మాట తెర మీదికి వచ్చింది.

"వస్తాండానక్కా."

ఆ మాట మాత్రం ఉమామహేశ్‌కు వినిపించింది.