ఫేస్ గ్లో ఫ్రీ

"గీమె ఎవలన్నా?"

ఆరడుగుల ఫ్లెక్స్ కౌంటర్ మీద పరిచి ఆ పిల్ల నన్ను అడిగిన మొదటి మాట గిదే. సూర్యాపేటల నాది ఫ్లెక్సుల షాపు. బర్త్‌డే అయినా, దశదినకర్మ అయినా మొఖానికి గ్లో ఫ్రీ. సచ్చినోళ్లు గూడ నా దగ్గరకొస్తే నిగనిగలాడుతరు.

"మీరే గద మేడం," అన్న నవ్వుకుంట.

"నేనా? గీ మొఖంతోని ఇంటికి పోతే మా కుక్క గూడ మొరుగుతది."

పేరు గోపిక. గరిడేపల్లిల గొర్లు కాసే రామలింగయ్య బిడ్డ. హైదరాబాద్‌ల బొమ్మల కోర్సు చదివింది. ఆ రోజు నాలుగు గంటలకు కోదాడల ఆమె ఎగ్జిబిషన్. దానికే గీ ఫ్లెక్స్: ఫేస్ క్రీము డబ్బా తీరు డిజైన్, మీద బార్‌కోడు, ఎమ్మార్పీ. నడుమ మాత్రం తన మొఖం, ఉన్నదున్నట్టు. కింద పెద్దక్షరాలల్ల 'గిదే కలర్. ఇష్టముంటే సూడుండ్రి.'

నేనేం చేసిన? మచ్చలు తీసేసిన, ముక్కు సన్నం చేసిన, పిల్లను పాలల్ల ముంచి తీసిన.

"అందంగ కనవడాలని..."

"అంటే ఇప్పుడు లేనా?"

దీనికి జవాబు చెప్పి ఏ మొగోడు బతికిండు?

"సరే, అసలు ఫోటో పెట్టి మళ్ల కొట్టు."

"దాని మీదనే సేవ్ చేసిన మేడం. మీ పెన్‌డ్రైవ్‌ల గూడ గదే ఉంది. జర కూసుంటే కొత్తది దిగుదాం, రెండు నిమిషాల పని."

ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

"ఆ ఫోటో మా అమ్మ తీసిందన్నా. పుట్టినకాన్నుంచి కెమెరా ముట్టలే. బొమ్మలేస్తే ఏమొస్తదే అని మూడేండ్లు నాతోని కొట్లాడింది. మొన్న తనే అడుక్కొచ్చిన కెమెరాతోని నన్ను గొర్ల మందల నిలవెట్టి బటన్ ఒత్తింది, ఇప్పుడు అండ్ల గూడ ఆ ఫోటో లేదు. ఇయ్యాల సూడనీకి వస్తుంది. ఏం సూపియ్యాలె?"

ఛీ, నా బతుకు! షాపు పెట్టినంక మొదటిసారి నా చేతులను నేనే తిట్టుకున్న.

"ఎదురుంగ కూసో," అన్న. మేడం గీడం మర్చేపోయిన. "తీసినయన్నీ నేనే మళ్ల పెడుత."

బయట వాన దంచుతుంది. ఆమె స్టూల్ మీద, నేను సిస్టం ముందట.

"మొటిమ ఎడమకు జరుపు."

"జరిపిన."

"ముక్కు గింత చిన్నగుందా నాది? సక్కగ సూడు."

"సూస్తనే ఉన్న."

"స్క్రీన్ దిక్కు సూడు!"

గడ్డం కింద గీత దగ్గర ఆగిన. "గిదేంది?"

"చిన్నప్పుడు పొట్టేలు పొడిచింది. మంచిగ లోతు పెట్టు."

పెట్టిన. కండ్ల కింద నలుపు పెట్టిన. పెడుతుంటే నాకు పరేషాన్ షురువైంది. గా మొఖంల తీసెయ్యబుద్ధయ్యేది ఒక్కటి గూడ లేదు.

కొత్త ఫ్లెక్స్ కొట్టి, చుట్టుకొని బస్సెక్కినం. నాలుగింటికి ఐదు నిమిషాలుండంగ కోదాడ హాల్ల కట్టినం. అప్పుడే ఆమె తల్లి బుచ్చమ్మ తడుసుకుంట వచ్చింది. ఫ్లెక్స్ దగ్గరికి పోయి సూసింది. గడ్డం కింద మచ్చను వేలుతోని ముట్టుకున్నది.

"ఫోటో ఎవరు తీశారండీ?" అని ఒక సారు అడిగిండు.

"నేనే," అన్నది బుచ్చమ్మ, కొంగు సర్దుకుంట. "అచ్చం నా బిడ్డ."

గోపిక నా దిక్కు తిరిగింది. ఏడుస్తుందో నవ్వుతుందో సమజ్ కాలే.

"థాంక్స్ అన్నా."

"అన్నా అనకు." నోట్లకెల్లి వచ్చేసింది. "మూడు గంటలు నీ మొఖమే సూసిన. ఇగ వేరే మొఖం కనవడ్తలేదు. నువ్వంటే నాకిష్టం గోపికా."

"మెల్లగ! మా అమ్మ ఉన్నది."

బుచ్చమ్మ ఫ్లెక్స్ మీదికెల్లి చూపు తిప్పలే.

"నాకు చెవులు సరిగ్గ ఇనవడయ్ బిడ్డా," అన్నది. "జర గట్టిగ చెప్పు."

గోపిక వద్దనలే. గట్టిగనే చెప్పిన. హాలంత ఇన్నది.