శాంసన్ చూడని సీలింగ్

హెప్సిబా ఆ ఇంజనీర్‌ను ఎప్పుడూ చూడలేదు. చూసింది అతని సంతకాన్నే. హన్మకొండలో గోపాల్‌పూర్ వైపు ఒక పాత ఇల్లు కొనేముందు, ఇంటిని పరీక్షించి చెప్పమని అతనికి పని అప్పగించింది. నాలుగు పేజీల రిపోర్టు ఫోన్‌కు వచ్చింది. చివర ‘ఇల్లు గట్టిగా ఉంది’ అని రాసి, కింద శాంసన్ అని సంతకం. ఎవరో అరవై ఏళ్ళ పెద్దాయన అనుకుంది. ఆ మాట నమ్మి ఇల్లు కొన్నది.

కొన్నది అమ్మ కోసమే. ప్రమీల ఇరవై ఆరేళ్ళు కిరాయి ఇళ్ళల్లో బతికింది. కొత్త ఇంట్లో మొదటిరోజు ఆమె గదిగదికీ తిరిగి గోడలను అరచేత్తో తడిమింది. దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసే హెప్సిబా, ఆ రోజు సెలవు పెట్టి అమ్మనే చూస్తూ కూర్చుంది.

జులైలో ముసురు పట్టుకుంది. మూడోరోజు పొద్దున హాల్లో గోడ, పైమూల నుంచి కిటికీ దాకా చీలింది. వేలు దూరేంత సందు. వీధి తలుపు మూతపడటం లేదు.

రిపోర్టు మీదున్న నంబర్‌కు ఫోన్ చేసిన గంటకు బైక్ మీద తడిసి ముద్దయి వచ్చినవాడికి ముప్పై కూడా ఉండవు.

“శాంసన్ సార్ రాలేదా?” అన్నది హెప్సిబా.

“నేనే మేడం.”

ఆమె కోపం ఒక్క క్షణం తడబడింది. వెంటనే కూడదీసుకుని గోడ చూపించింది. “ఇల్లు గట్టిగుందని రాసిండ్రు. మరి ఇదేంది?”

అతను నిచ్చెన అడిగి, ఎక్కి, ఫాల్స్ సీలింగ్‌లో ఒక షీట్ ఊడదీసి, టార్చితో చాలాసేపు లోపల చూశాడు. దిగేసరికి జుట్టు నిండా, కనురెప్పల నిండా తెల్లటి పొడి. ఆ కనురెప్పలను గమనించినందుకు హెప్సిబాకు తన మీదే చిరాకేసింది.

“బీమ్ పగిలింది,” అన్నాడు. “అమ్మినాయన పాత పగుళ్ళకు పుట్టీ పెట్టించి, కింద సీలింగ్ కట్టించిండు. ఈ మూల ఒకప్పుడు కుంట. మట్టి పోసి పూడ్చిండ్రు. నీళ్ళు దిగంగనే పునాది కుంగింది.”

“అప్పుడు మీరు చూడలేదా?”

“చూడలే. ఒక్క షీట్ తీస్తే తెలిసేది. ఇంకో సైట్‌కు పోవాలని తొందరపడ్డ. తప్పు నాదే.”

అతను వాదిస్తాడనుకుని ఆమె సిద్ధం చేసుకున్న మాటలన్నీ వృథా అయ్యాయి.

సాయంత్రానికి ఇనుప జాకీలు తెచ్చి బీమ్ కింద నిలబెట్టాడు. హాల్లో పడుకోవద్దని ప్రమీలకు చెప్పాడు. పగులుకు అడ్డంగా పెన్సిల్‌తో ఒక గీత గీసి, తేదీ వేశాడు. గీత రెండు ముక్కలూ దూరం జరిగితే గోడ ఇంకా కదులుతున్నట్టట. రోజూ వచ్చి చూసుకుంటానన్నాడు.

ఇల్లు అమ్మిన రాజేశ్వర్ రావు మాత్రం, ఇంజనీరే బాగుందన్నాక తనకేం సంబంధమని తప్పించుకున్నాడు. అప్పుడు శాంసన్ ఒక ఉత్తరం రాశాడు. ఆ ఇంట్లో ఏది దాచారో, ఎట్లా దాచారో, తను ఏది చూడకుండా వదిలేశాడో అన్నీ రాసి సంతకం పెట్టాడు.

హెప్సిబా దాన్ని రెండుసార్లు చదివింది. ఆఖరికి, “ఇది బయటికి పోతే మీకెవరన్న పనిస్తరా?” అన్నది.

“కొందరు ఇయ్యకపోవచ్చు. ఇది లేకుంటే ఆయన రిపేర్ చేయించడు.”

ఆ ఉత్తరం హెప్సిబా తరఫు లాయర్ చేతికి వెళ్ళాక రాజేశ్వర్ రావు దిగొచ్చి, మరమ్మతంతా చేయించడానికి ఒప్పుకున్నాడు. ఇద్దరు బిల్డర్లు శాంసన్‌ను పిలవడం మానేశారు. ఆ సంగతి అతను చెప్పలేదు. ప్రమీలకు చర్చిలో ఎవరో చెప్తే తెలిసింది.

ఆగస్టు అంతా పని సాగింది. బయట వాన సన్నగా, తెరిపి లేకుండా. మూలకు కొత్త పునాది పడింది. సాయంత్రం కూలీలు వెళ్ళిపోయాక ఇద్దరూ పగులు దగ్గర తలలు వంచి గీతను చూసేవాళ్ళు. కిటికీ మీద జారే నీళ్ళ నీడలు గోడ మీద, అతని చేతి మీద, ఆమె చెంప మీద ఒకేలా కదిలేవి. గీత పదిరోజులుగా కదల్లేదు. ఇద్దరికీ తెలుసు. ఎవరూ అనలేదు.

“ఇయ్యాల జర కదిలినట్టుంది,” అన్నది హెప్సిబా ఒకరోజు.

“ఔను. రేపు మళ్ళ చూడాలె,” అన్నాడు శాంసన్, గీత వైపు చూడకుండానే.

సెప్టెంబర్‌లో జాకీలు తీసేశారు. పగులు పూడ్చి రంగు వేశారు. ములుగులో హాస్టల్ కడుతున్నారని శాంసన్ అక్కడికి వెళ్ళిపోయాడు. రెండు వారాలు ఫోన్ లేదు. మెసేజ్ లేదు. గట్టిపడిన ఇంట్లో హెప్సిబాకు నిద్ర పట్టలేదు.

ఒక శనివారం ఆమె ములుగు బస్సెక్కింది.

తుంపరలో, ఇటుకల దొంతుల మధ్య అతను కనిపించాడు. ఆమెను చూసి పరుగెత్తుకొచ్చాడు. “మళ్ళ పగిలిందా?”

“లేదు. అమ్మ మీ మంచిచెడ్డలు అడిగి రమ్మన్నది.” ఆగి, తల అడ్డంగా ఊపింది. “అబద్ధం. నేనే వచ్చిన. మీరెందుకు రాలే?”

శాంసన్ చేతికున్న సిమెంటు దులుపుకున్నాడు. “మీ నెత్తిన ఇల్లు కూలే పని చేసిన. అసొంటోడు మిమ్మల్ని ఏ మొహంతోని అడగాలె?”

“ఏం అడుగుదామని?”

“నన్ను చేసుకుంటరా అని.”

వాన కొంచెం పెద్దదైంది. ఇద్దరిలో ఎవరూ పక్కకు జరగలేదు.

“చూడనిది చూడలే అని చెప్పిండ్రు. నష్టమైతదని తెలిసి కూడ రాసిచ్చిండ్రు,” అన్నది ఆమె. “మనిషి మీద నాకు అంతకన్న గట్టి నమ్మకం ఇంకేం కావాలె? చేసుకుంట.”

సాయంత్రం బస్సులో ఇద్దరూ కలిసే హన్మకొండ వచ్చారు. గుమ్మంలో నిలబడి శాంసన్ మాటలు వెతుక్కుంటుంటే, ప్రమీల అతని తడిసిన చొక్కానూ కూతురి మొహాన్నీ మార్చి మార్చి చూసింది. టవల్ తెచ్చి అతని చేతిలో పెట్టింది.

“ఆదివారం మీ అమ్మనాయిన్ను అన్నానికి తోల్కరా బిడ్డా,” అన్నది. “తతిమ్మాది మేం పెద్దోళ్ళం మాట్లాడుకుంటం.”