తాళాల మేస్త్రి ఇంట్లో దొంగ

ఊరందరికీ తాళాలు చేసిపెట్టే మనిషి, తన ఇంటికి కాపలా దారి చెప్పమని డిటెక్టివ్ దగ్గరికి వచ్చి కూర్చుంటే ఎవరికైనా నవ్వొస్తుంది. డిటెక్టివ్ సహాయకురాలికీ వచ్చింది. కానీ తాళాల మేస్త్రి మంచినీళ్ళ గ్లాసు అందుకోబోయి సగం ఒళ్ళో ఒంపుకునేసరికి ఆ నవ్వు కాస్తా గొంతులోనే ఆగిపోయింది.

డిటెక్టివ్ ఆమెకు స్వయానా బాబాయి. బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టీ పట్టీ విసుగెత్తి సొంత ఆఫీసు తెరిచాడు. ఆయనంత తెలివైనవాడు భూమ్మీద లేడని ఆమె నమ్మకం. నెత్తికెక్కుతాడని ఆ మాట ఆయన ముందు మాత్రం అనేది కాదు.

"మొదట్నుంచీ చెప్పండి," అన్నాడు డిటెక్టివ్.

"ఎవడో మా ఇంట్లోకి వస్తున్నాడండీ. ముందు దుకాణం, వెనక ఇల్లు. నేను దుకాణంలో పనిలో ఉండగా మధ్యాహ్నం పూట పెరటి గుమ్మంలోంచి వస్తాడు. చెంచా కూడా పోదు. నేల మీద తడి అడుగులుంటాయి, మంచం జరిగి ఉంటుంది. ఇంట్లో మా ఆవిడ ఒక్కతే. పక్షవాతం, మాట కూడా పోయింది. తాళం మార్చాను. వచ్చాడు. ఇంకోటి చేశాను. మళ్ళీ వచ్చాడు."

"అప్పుడేం చేశారు?"

మేస్త్రి తల దించుకున్నాడు. "లోపలి గొలుసు కొక్కెం దగ్గర స్ప్రింగు కత్తి బిగించాను. గొలుసు తీయబోతే పడేట్టు. నిన్న పడింది. వెళ్ళి చూస్తే గడప నిండా రక్తం... రెండు వేళ్ళు."



"కేక వినపడలేదా?"

"చిన్న మూలుగైనా లేదండీ. గోడకి ఇవతలే ఉన్నాను. అంత మొండివాడు పగబట్టి మనుషుల్ని వెంటేసుకొస్తే? మా ఆవిడ నిన్నటి నుంచి మెతుకు ముట్టలేదు, పళ్ళు బిగించేస్తోంది. ఇలాగే ఉంటే దక్కదన్నాడు డాక్టరు. కుక్కని పెట్టుకోనా, తుపాకీ కొనుక్కోనా? మీరే ఒక దారి చెప్పండి."

"దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగాయట. ముందు ఇల్లు చూద్దాం, పదండి."

పెరటి తలుపు తాళం మీద ఒక్క గీతయినా లేదు. పక్కనే డబ్బాలో మేస్త్రి తీసి పడేసిన పాత తాళాలూ తాళంచెవులూ ఉన్నాయి. డిటెక్టివ్ అందులోంచి అన్నిటికన్నా పాత తాళంచెవి ఒకటి తీసుకుని, అందరికీ వీపు తిప్పి తలుపు దగ్గర కాసేపు నిలబడ్డాడు.

"ఇవన్నీ మీ చేతివేనా?"

"ఇంకొకడు చేసిన తాళం నా గుమ్మానికి వేస్తానా!"

గొలుసు తగిలించి ఉన్నప్పుడు తలుపు బెత్తెడే తెరుచుకుంటుంది. కత్తి తీసేయించి, బయటినుంచి చెయ్యి పెట్టి కొక్కెం తీయమన్నాడు బాబాయి. సహాయకురాలు ఎంత తడిమినా అది అందలేదు. గోడ వెనక, ఎక్కడో పైన ఉంది.

ఇంటావిడ చక్రాల కుర్చీలో ఉంది. చూపంతా పెరటి గుమ్మం మీదే. పనినుంచి వచ్చిన కూతురు కుర్చీని ఇవతలికి తోసింది. చక్రం చప్పుడు చెయ్యలేదు.

"అమ్మగారి గోళ్ళు పొందిగ్గా ఉన్నాయి. ఎవరు తీశారమ్మా?" అన్నాడు డిటెక్టివ్.

"నాన్నే తీసుంటారు."

"నేనా? నువ్వే తీశావనుకున్నాను," అన్నాడు మేస్త్రి.

"కుర్చీ చక్రాలకి నూనె?"

తండ్రీ కూతుళ్ళు మొహమొహాలు చూసుకున్నారు.

"మీకు ఇంకా పిల్లలున్నారా?"

"లేరు," అన్నాడు మేస్త్రి గట్టిగా. కూతురి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

వీధిలోకి రాగానే సహాయకురాలు గొంతు తగ్గించింది. "ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కూతురేనా, బాబాయ్?"

"ఆ పిల్లకి పది వేళ్ళూ ఉన్నాయి కదే! నువ్వు ఆసుపత్రులు చూసిరా. వేళ్ళు తెగి, ఎలా తెగాయో చెప్పనివాడు ఒకడుంటాడు. వాళ్ళమ్మ అన్నం మానేసిందని చెప్పు. వాడే వస్తాడు."

ఆయన అన్నట్టే జరిగింది. ఆ కుర్రాడు నర్సు వద్దంటున్నా వినకుండా మంచం దిగాడు. దారిలో ఒక్క మాటే అడిగాడు, "నీళ్ళయినా తాగుతోందా?" అని.

ఆ సాయంత్రం డిటెక్టివ్ ఇంటిల్లిపాదినీ వెనక గదిలో కూర్చోబెట్టాడు.

"దొంగ చక్రాలకి నూనె రాయడు, గోళ్ళు తీయడు. కనపడని కొక్కెం మీదకి సూటిగా చెయ్యి పోయిందంటే అతను ఈ ఇంట్లో పెరిగినవాడు. ఇక తాళం సంగతి." ఆయన జేబులోంచి తాళంచెవి తీశాడు. "ఇది మీరు మొట్టమొదట తీసేసిన తాళానిది, మేస్త్రిగారూ." దాన్ని కొత్త తాళంలో పెట్టి తిప్పాడు. తెరుచుకుంది.

మేస్త్రి ఆ తాళంచెవి లాక్కుని దాని గాట్లు వేలితో తడిమాడు.

"ఊళ్ళోవాళ్ళకి కొలత చూసి తాళంచెవి గాట్లు కోస్తారు. సొంతింటికి కొలతెందుకని చేతికొచ్చినట్టు కోశారు. చేతికి అలవాటైనవి ఒకే గాట్లు. మీరు తాళాలు మార్చారు గానీ తాళంచెవి మారలేదు."

"అవి... మా అబ్బాయికి పని నేర్పేటప్పుడు కోయించిన గాట్లు," అన్నాడు మేస్త్రి. "ఒకళ్ళింట్లో మారు తాళంచెవితో దొంగతనం జరిగింది. పోలీసులు రాకముందే నా కొడుకే చేశాడన్నాను. గడప తొక్కితే కాళ్ళు విరగ్గొడతానన్నాను."

"చేశాడా?"

"అడగలేదండీ."

సహాయకురాలికి ఆ మనిషి మీద కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"ఇంటికి కాపలా పెట్టుకోవడం తప్పు కాదు," అన్నాడు డిటెక్టివ్ నెమ్మదిగా. "ఎవరు రాకూడదో ముందు తేల్చుకోవాలి. మీరు అది తేల్చుకోకుండానే కత్తి బిగించారు."

సహాయకురాలు తలుపు తీసింది. కొడుకు లోపలికి వచ్చాడు. కుడిచేతికి కట్టు. తండ్రి వంక చూడకుండా నేరుగా తల్లి దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆవిడ బాగున్న చెయ్యి ఎత్తి ఆ కట్టుని తడుముతూ ఉండిపోయింది. చెల్లెలు గంజి తెచ్చింది. ఎడం చేత్తో తినిపించడం అతనికి చేతకాలేదు, సగం ఒలికింది. ఆ తల్లి మిగతా సగం మింగింది.

మేస్త్రి గోడ పట్టుకుని రెండడుగులు వేశాడు. కొడుకుది తాళంచెవులు కోసే ఆకురాయి పట్టే చెయ్యి. ఆ చెయ్యిక పనికి రాదని అక్కడ అందరికంటే ఆయనకే బాగా తెలుసు.

"గోడకి ఇవతలే ఉన్నాను కదరా," అన్నాడు. "ఒక్క కేక వేస్తే వచ్చేవాణ్ణి కదా. ఎందుకు వెయ్యలేదురా?"

కొడుకు చెంచా మళ్ళీ నింపాడు.

"అమ్మ నిద్రపోతోంది, నాన్నా. ఉలిక్కిపడుతుందని."