కుప్పం వంతెన కింద ఖైదీ

1997. మదనపల్లె టమోటా మార్కెట్టు. వేలంపాటల గోలలో ఒక ముసలి వ్యాపారి గడ్డం పెంచిన మనిషి పక్కకొచ్చి నిలబడ్డాడు.

"లోడు యాడికప్పా?"

"ఎండ తగ్గినాక సూస్తాం."

కోడ్ సరిపోయింది. వ్యాపారి వేషంలో ఉన్నది చీఫ్ నారాయణప్ప. గడ్డం మనిషి ఏజెంట్ మునిచంద్ర. లోకానికి మాత్రం అతను జైలు గోడ దూకిన హంతకుడు. విదేశీ ముఠా అతన్ని నమ్మాలని దొంగ కేసు, యావజ్జీవ శిక్ష, జైలు బ్రేక్ అన్నీ చీఫే నడిపించాడు.

"ఈరోజే. కుప్పం దగ్గర రైల్వే బ్రిడ్జి. డిఫెన్స్ సైంటిస్టుల స్పెషల్ ట్రైన్ని ముఠా పేల్చబోతోంది. పుంగనూరులో సుప్రియను కలువు. ముఠాలో మన డబుల్ ఏజెంట్. నువ్వెవరో నాకూ ఆమెకూ తప్ప ఇంకెవరికీ తెలీదు."

చీఫ్ అతని చేతిలో ఒక ట్రాన్సిస్టర్ పెట్టాడు. లోపల పిస్టల్ ఉంది.

మరుక్షణం నారాయణప్ప ముందుకు తూలాడు. సైలెన్సర్ తుపాకీ. చప్పుడే లేదు. మునిచంద్ర చేతుల్లోనే ప్రాణం పోయింది.

"పేపర్లో పడిన ఖైదీ వీడే! పెద్దాయన్ని సంపేసినాడు!" ఎవరో అరిచారు.

ఏడవడానికి కూడా వ్యవధి లేదు. కదులుతున్న లారీ ఎక్కి పుంగనూరు చేరాడు.

బస్టాండు దగ్గర కారులో సుప్రియ. నల్ల కళ్లద్దాలు, ఎర్ర సిల్కు చీర. చీఫ్ సంగతి విని కళ్లు తుడుచుకుంది.

"నేనున్నాను కదా. ఢిల్లీలో నీ తరఫున నేను చెబుతాను."

అతనికి మిగిలిన ఆశల్లా ఆ మాటే.

కుప్పం దాటాక వంతెన. దూరంగా రైలు కూత. స్తంభానికి కట్టిన బాంబు కనిపించగానే మునిచంద్ర వెనక్కి తిరిగాడు. సుప్రియ చేతిలో రిమోట్ ఉంది.

"మార్కెట్లో వెనకే నిలబడినా నారాయణప్ప నన్ను అనుమానించలేదు, పాపం."

అతను పిస్టల్ ఎత్తాడు. ఆమె నవ్వింది.

"కాల్చు. తర్వాత నువ్వు ఖైదీవి కాదని ఎవరు చెబుతారు?"

ఆమె అన్నది నిజమే. ఇంజన్ వంతెన ఎక్కబోతోంది. ఆమె బొటనవేలు బటన్ మీదికి జరిగింది.

కాల్చాడు.

తల మీద రైలు క్షేమంగా దడదడలాడుతూ వెళ్లిపోయింది.

పుంగనూరులో అతనెక్కిన కారు గురించి లారీ డ్రైవరు చెప్పిన ఆనవాళ్లతో పోలీసులు వచ్చేశారు. మునిచంద్ర అంతా చెప్పాడు. ఎస్సై నవ్వి ఊరుకున్నాడు. నారాయణప్ప హత్య, సుప్రియ హత్య, ఆ బాంబు కూడా అతని మీదే రాసుకున్నారు.

జీపులో కానిస్టేబుల్ మునెయ్య జాలిగా బీడీ అందించాడు.

"ఇంతకీ ఏం పని చేస్తాంటివప్పా?"

"గవర్నమెంటు ఉద్యోగం."

"పర్మినెంటా?"

మునిచంద్ర చేతికున్న బేడీల వైపు చూశాడు.

"ఈ పొద్దుతో పర్మినెంటైంది."