ఆపరేషన్ మూడో వరస గొడుగు

మొదటి సాక్షి ఐస్‌క్రీమ్ తింటూ చనిపోయాడు.

ఉత్తర తీరాన పెద్ద రిసార్టు. జూలై నెల, ఆదివారం, ఇసుక కనబడనంత జనం. అంత గుంపులో మనిషిని దాస్తే ఎవరూ పట్టుకోలేరని డిపార్ట్‌మెంట్‌లో ఎవరో తెలివైనవాడు లెక్క వేశాడు. లెక్క సగం నిజమైంది. చంపినవాణ్ణి నిజంగానే ఎవరూ పట్టుకోలేకపోయారు. శవం మెడ మీద సూది గుచ్చినంత గుర్తు మాత్రం మిగిలింది. చుట్టూ వేలమంది ఉన్నా చూసినవాడు ఒక్కడూ లేడు.

మర్నాడు రోమ్‌లో కల్నల్ బ్రగదీన్ కిటికీ తెరలు దించి, ఏజెంట్ కొర్రాదో మస్సీనీ ముందు ఒక ఫొటో పెట్టాడు. ఫొటోలో బట్టతల, దళసరి కళ్ళద్దాలు, బెదురు చూపు.

"యోనాస్ కెల్లర్. స్విస్ ఇంజనీరు. తూనీగ ముఠా దగ్గర ఆరేళ్ళు పనిచేశాడు. మన క్షిపణుల డిజైన్లు ఎవరెవరి చేతుల మీదుగా సరిహద్దు దాటాయో పేర్లతో సహా చెప్తానంటున్నాడు. సెప్టెంబర్లో కోర్టు. అందాకా బతికుండాలి."

"లేకపోతే?"

"మిగిలింది వీడొక్కడే కదయ్యా. వీడు పోతే ముఠా మొత్తం దర్జాగా బయటికి నడిచి వెళ్తుంది. నువ్వూ నేనూ రోడ్డు మీద పార్కింగ్ చలాన్లు రాసుకుందాం."

"ఎక్కడ దాచమంటారు?"

"ఈసారి ఊరు నువ్వే ఎంచుకో. నాక్కూడా చెప్పొద్దు. వేసవికి సముద్రపుగాలి కోసం వచ్చిన కుటుంబంలా కనబడాలి. భార్య వేషానికి లివియా వస్తుంది."

లివియా సాల్వెమీని మెట్లు దిగుతుంటే డిపార్ట్‌మెంట్‌లో టైపు మిషన్లు ఆగిపోతాయి. నాలుగు భాషలు, మూడు పాస్‌పోర్టులు, గురి తప్పని చెయ్యి. కొర్రాదో కాదనలేదు. ఎవరు మాత్రం కాదంటారు?

ఆ సాయంత్రం అతను వంటింటి బల్ల మీద మ్యాప్ పరిచాడు. పేరున్న ఊళ్ళన్నీ ముందే కొట్టేశాడు. రైలు ఆగే ఊళ్ళు కొట్టేశాడు. డాన్సు క్లబ్బులున్నవి, పడవ షికార్లున్నవి, హోటల్ గుమ్మంలో నాలుగు దేశాల జెండాలు పాతినవి కొట్టేశాడు. ప్రశాంతమైన ఊరు కావాలని పత్రికల్లో ప్రకటనలు చూసుకునేవాళ్ళకు తెలియని సంగతి ఒకటుంది. మా ఇటలీలో ప్రశాంతమైన ఊరంటే ఎవరూ ఎవర్నీ పట్టించుకోని ఊరు కాదు. కొత్త కారు మలుపు తిరగకముందే అందులో ఎవరున్నారో అందరికీ తెలిసిపోయే ఊరు. హంతకుడు అలాంటిచోట కాఫీ కూడా గుట్టుగా తాగలేడు.

చివరికి దక్షిణ తీరంలో, కొండ కింద నక్కినట్టుండే తోర్రె సాలేనా మిగిలింది. ఒకటే రోడ్డు, ఒకటే బార్, ఒకటే బీచ్. ఇసుకలో గొడుగు పాతుకునే చోట్లు తండ్రి నుంచి కూతురికి ఆస్తిలా వస్తాయి. మూడో వరసలో కొర్రాదో పిన్ని ఎర్సీలియా గొడుగు ఉంది. నెల్లో అనే లైఫ్‌గార్డు ప్రాణమైనా ఇస్తాడు గానీ ఆ చోటు ఇంకొకరికి ఇవ్వడు.

"పిన్నీ, నా స్నేహితుడు యోనాస్, వాళ్ళావిడ. నెలన్నర నీ దగ్గరుంటారు."

ఎర్సీలియా యోనాస్‌ను పైనుంచి కిందికి చూసింది. "ఏమ్మా, మొగుడికి తిండి పెట్టవా? బొమికలు లెక్కపెట్టొచ్చు!"

"పెడతానండీ, వంటికి పట్టదు," అంది లివియా నల్లకళ్ళద్దాలు సర్దుకుంటూ.

"మనిషిని కూర్చోబెట్టి పెట్టాలే. నుంచోబెట్టి పెడితే ఎక్కడ పడుతుంది?"

ఆ రోజు నుంచి యోనాస్ సంగతి ఆవిడ చూసుకుంది. పొద్దున పీచ్ పండ్లు, మధ్యాహ్నం ట్రేలకు ట్రేలు వంకాయ, పాస్తా. తిన్నాక గొడుగు కింద కూర్చోబెట్టి కాపలా. తిని మూడు గంటలు గడవందే నీళ్ళు ముట్టకూడదని మా దేశంలో పిల్లలకు ప్రార్థన కంటే ముందు నేర్పుతారు. అరుగుదల ఆగిపోతుంది, కాళ్ళు కొంకర్లు పోతాయి, మనిషి రాయిలా మునిగిపోతాడు. డాక్టర్లు నవ్వితే నవ్వనీ, వాళ్ళ పిల్లలు కూడా గొడుగు కిందే కూర్చుంటారు.

యోనాస్ కొండల్లో పెరిగినవాడు. సముద్రం కోసం చిన్నపిల్లాడిలా తహతహలాడేవాడు. "పిన్నిగారూ, పాదాలు తడుపుకోవచ్చా?" అని అడిగేవాడు పాపం. "కూర్చో!" అనేది ఆవిడ. అతను కూర్చునేవాడు. ఆ ముఠాలో గడిపిన ఆరేళ్ళలో ఎవరూ తనను ఇంత ప్రేమగా కసురుకోలేదని ఒకసారి కొర్రాదోతో చెప్పి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఈ మనిషిని ఎలాగైనా బతికించాలని కొర్రాదోకు ఆ పూట గట్టిగా అనిపించింది. అది డిపార్ట్‌మెంట్ ఆర్డరుకు సంబంధం లేని కోరిక.

అయినా అతను ఏమరలేదు. యోనాస్ చేతికి డిపార్ట్‌మెంట్ గడియారం ఉండేది. దాని మీట నొక్కితే కొర్రాదో జేబులోని ట్రాన్సిస్టర్ ఈల వేస్తుంది.

ఆగస్టు నడిమి పండగ ఫెర్రాగోస్తో వచ్చింది. ఆ రోజు బీచ్ మీద ప్రతి గొడుగు కిందా జున్ను, మాంసం పొరలు పొరలుగా వేసి వండిన లసాన్యా ట్రే తెరుచుకుంటుంది. యోనాస్ రెండు పెద్ద ముక్కలు, మీద వంకాయ, ఆ మీద పుచ్చకాయ లాగించాడు. ఎర్సీలియా తృప్తిగా కునుకు తీసింది. బీచ్ మొత్తం కునుకు తీసింది. మేలుకున్నవాళ్ళు పేకాడుతున్నారు. సముద్రంలో నరమానవుడు లేడు. బట్టలు మార్చుకునే గదుల దగ్గర, లివియా తలుపు మీద ఎర్ర తువ్వాలు ఆరేసి ఉంది. దూరంగా ఒక చేపల పడవ లంగరు వేసుకుని ఉంది. రెంటినీ కొర్రాదో చూశాడు. పట్టించుకోలేదు.

"కొర్రాదో, బార్‌లో నీకు ఫోన్," అంది లివియా. "పేరు చెప్పలేదు."

అతను పరుగున వెళ్ళి రిసీవరు అందుకున్నాడు. "నిమ్మకాయ ఐస్ ఉందా?" అన్నాడు సంకేతంగా. డిపార్ట్‌మెంట్ మనిషైతే "ఈ ఏడు కాయలు చేదు" అని జవాబు రావాలి. అవతల ఊపిరి చప్పుడు మాత్రం వినిపించింది. తర్వాత అదీ ఆగిపోయింది.

అతను రిసీవరు పెట్టేశాడు. కల్నల్‌కు ఈ ఊరు తెలియదు. ఈ నంబరు ముఠాకు ఎవరిచ్చారు? ఆ ఎర్ర తువ్వాలు పడవకు సైగ కాదు కదా?

తలెత్తి కిటికీలోంచి చూశాడు. ఖాళీ సముద్రంలో ఒక తెల్ల టోపీ, లంగరేసిన చెక్క తెప్ప వైపు మెల్లగా కదులుతోంది. ఒడ్డున లివియా. జుట్టు తడవలేదు. చెయ్యి ఊపుతూ వెళ్ళు వెళ్ళు అంటోంది.

యోనాస్ ఆశపడి దిగాడంటే నమ్మొచ్చు, పరదేశి. కానీ ఇటలీలో పుట్టిన ఆడది, తిన్న మనిషిని తిన్నట్టే సముద్రంలోకి పంపుతుందా? మొగుడి మీద ఎంత కోపమున్నా పంపదు. పంపిందంటే అతను తిరిగి రాకూడదని తెలిసే పంపింది.

మెట్లు దూకి గదుల సందులోకి వచ్చేసరికి ఆమె ఎదురుగా నిలబడి ఉంది. భుజానికి గడ్డి అల్లిక సంచీ, అందులో ఆమె చెయ్యి. మణికట్టు మీద యోనాస్ గడియారం.

"అరవకు," అంది.

"గడియారం నీకు బాగా నప్పింది."

"ఉప్పునీళ్ళకు పాడవుతుందన్నాను. తీసిచ్చేశాడు, అమాయకుడు."

"ఎంతిచ్చారు నీకు?"

"నీ జీతం వింటే వాళ్ళు నవ్వుతారు, అంత. తెప్ప కింద మనిషున్నాడు, వీపుకు ఆక్సిజన్ సిలిండరుతో. కాలు పట్టుకుని కాసేపు లాగితే చాలు. సూది గుర్తుండదు, తూటా ఉండదు. ఇంత లసాన్యా మింగి ఈతకు దిగినవాడు మునిగితే, ఈ దేశంలో పోస్ట్‌మార్టం అడిగేవాడెవడు? మీ పిన్నే సాక్ష్యం చెప్తుంది."

కొర్రాదో తెప్ప వైపు చూశాడు. ఇంత మంచి పథకం తన వృత్తిలో చూడలేదు. అందుకే మరింత భయం వేసింది.

"పద. గొడుగు కింద కూర్చో. అయ్యేదాకా మామూలుగా ఉండు. కేక వేస్తే ముందు పోయేది మీ పిన్ని."

ఇద్దరూ వెళ్ళి కూర్చున్నారు. సంచీలోని తుపాకీ గొట్టం అతని డొక్కకు ఆనుకుంది. తెల్ల టోపీ తెప్పకు ఇరవై బారల దూరంలో ఉంది. వచ్చీ రాని ఈత, మెల్లగా పోతోంది. 

ఎర్సీలియా ఒక కన్ను తెరిచింది. "యోనాస్ ఏడిరా?"

"అలా నడవడానికి వెళ్ళారండీ," అంది లివియా తియ్యగా.

కేక వెయ్యకూడదన్నది షరతు. కొర్రాదో కేక వెయ్యలేదు. వాతావరణం గురించి మాట్లాడినంత నెమ్మదిగా అన్నాడు.

"కాదు పిన్నీ. ఈతకెళ్ళాడు."

రెండో కన్ను తెరుచుకుంది. "ఎప్పుడు?"

"తిన్న వెంటనే."

లివియా ముఖంలో రంగు పోయింది. ఆమె కూడా ఈ దేశంలోనే పుట్టింది. జరగబోయేదేమిటో ఆమెకు తెలుసు. సంచీలో చెయ్యి బిగుసుకుంది గానీ, ఇన్ని కుటుంబాల మధ్య తుపాకీ పేలిస్తే సముద్రంలో ప్రమాదం అనే కథ అక్కడితో ముగుస్తుంది.

ఎర్సీలియా లేచి నిలబడింది. "ఓరి దేవుడా! తిని దిగాడు! పిల్లాడు తిని దిగాడు!"

ఆ గొంతు బీచ్ అంతా పాకింది. పేకముక్కలు ఇసుకలో పడ్డాయి. ప్రతి గొడుగు కిందనుంచీ ఒక తల్లి, ఒక అమ్మమ్మ, ఒక మేనత్త లేచారు. "బయటికి రావయ్యా!" "లసాన్యా తిన్నాడు, నేను చూశాను, రెండు ముక్కలు!" "పుచ్చకాయ కూడానే!" "నెల్లో! నెల్లో, చచ్చావా?" నెల్లో మెడలో తుండుగుడ్డతో, చేతిలో ఫోర్కుతో పరుగెత్తాడు. నలుగురు మగవాళ్ళు పడవను నీళ్ళలోకి తోశారు. ఎర్సీలియా గౌనుతోనే నడుములోతు దిగిపోయింది.

యోనాస్ ఆ గోల విని వెనక్కి తిరిగాడు. షార్కు వచ్చిందనుకున్నాడు. అదే క్షణంలో నీళ్ళ కిందనుంచి ఒక చెయ్యి అతని మడమ పట్టుకుంది. తెల్ల టోపీ మునిగింది. తేలింది. మళ్ళీ మునిగింది.

"కొంకర్లు పోయాయి! చెప్పానా!" అని ఎర్సీలియా ఏడ్చేసింది.

నెల్లో తెడ్డును నిలువుగా నీళ్ళలోకి దించాడు, యోనాస్ పట్టుకుంటాడని. అది ఏదో గట్టిదానికి టంగున తగిలింది. బుడగలు పైకి వచ్చాయి. చేతికి అందిన జుట్టు పట్టి లాగితే, వెల్లకిలా తేలింది రబ్బరు సూటు వేసుకున్న పెద్దమనిషి, స్పృహ లేదు. పక్కనే యోనాస్ దగ్గుతూ తేలాడు.

"వీడెవడురా?" అన్నాడు నెల్లో బిత్తరపోయి. "వీడు కూడా తిని దిగాడా?"

లివియా సంచీతో లేచింది. రెండడుగులు వేసిందో లేదో, పక్క గొడుగు ఆడవాళ్ళు ముగ్గురు చుట్టుముట్టారు. "మొగుడు మునుగుతుంటే ఎక్కడికే పోతున్నావ్?" "నువ్వే పంపించావు, చూశాను! చెయ్యి ఊపుతుంటే ఎవరికో అనుకున్నా!" ఒకావిడ జబ్బ పట్టుకుంది. ఇంకొకావిడ జుట్టు పట్టుకుంది. కొర్రాదో మర్యాదగా సంచీ అందుకున్నాడు. ఆ పట్టులోంచి తప్పించుకునే ట్రెయినింగ్ ఏ దేశపు గూఢచారులకూ ఇచ్చినట్టు లేదు.

ఒడ్డున యోనాస్‌ను తువ్వాలలో చుట్టి కూర్చోబెట్టారు. ఎర్సీలియా ముందు చెంప మీద ఒకటి ఇచ్చింది, తర్వాత దగ్గరికి తీసుకుని నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. కొర్రాదో మొహం పక్కకు తిప్పుకున్నాడు. కళ్ళలో ఉప్పునీళ్ళు పడ్డాయన్నాడు, ఎవరూ అడక్కపోయినా.

సెప్టెంబర్లో యోనాస్ కోర్టులో రెండు రోజులు గుక్క తిప్పుకోకుండా మాట్లాడాడు. తూనీగ ముఠాలో బయట మిగిలినవాడు లేడు. పైవాళ్ళు అభినందన పంపారు. కల్నల్ బ్రగదీన్ రిపోర్టు ముందుకు వెనక్కు తిప్పి, కొర్రాదో వైపు గుర్రుగా చూశాడు.

"ప్రశాంతమైన ఊరు ఎంచుకున్నానని రాశావు. కింద చూస్తే బీచ్ మొత్తం తిరగబడింది. ఇదేం ప్రశాంతతయ్యా?"

"చాలా ప్రశాంతమైన ఊరు సార్," అన్నాడు కొర్రాదో. "మీరూ వెళ్ళి రండి. ఖాళీ కడుపుతో ఈత కొట్టినంతకాలం మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు."