అరువిచ్చిన లిమిట్

"తాపీ నదిల నీళ్లెట్లున్నయి?" ఫోన్‌లో గొంతు.

"వంతెన కిందికే ఉన్నయి సార్."

కోడ్ సరిపోయింది. చీఫ్ బ్రహ్మచారి నేరుగా విషయానికొచ్చాడు. "మన నేవీ రహస్య సంకేతాల సైఫర్‌ను విదేశీ ముఠా పగలగొడుతున్నది. వాడుతున్నది నీ ముందరున్న కంప్యూటర్ క్లస్టర్‌నే. మధ్యాహ్నంలోపల వాళ్ల చేతికొస్తది. ఎవరి అకౌంటో పట్టు. ఆపు."

ఏజెంట్ ఉమాకాంత్ సూరత్ కంప్యూటింగ్ సెంటర్‌లో ఆపరేటర్ వేషంలో ఉన్నాడు. కాలేజీలవాళ్లూ కంపెనీలవాళ్లూ పంచుకునే యంత్రమది. ఒక్కొక్కరికి ఒక లిమిట్. అంతకు మించి జాబ్‌లు, అంటే లెక్కల పనులు, పంపితే క్యూలో ఆగాల్సిందే. లిమిట్ లేని అకౌంట్ ఆపరేటర్‌ది ఒక్కటే.

సైఫర్ జాబ్ ఎవరిదో వెతికితే స్క్రీన్ మీద అతని పేరే కనిపించింది. జాబ్ తొంభై ఎనిమిది శాతం పూర్తయింది.

ఆ పాస్‌వర్డ్ తెలిసిన ఇంకో మనిషి హారతి. ముఠాలో మన తరఫున దూరిన ఏజెంట్. అతను పెళ్లాడాలనుకున్న పిల్ల.

ఉమాకాంత్ సూరత్‌లోనే, లింబాయత్ మరమగ్గాల షెడ్డులో పెరిగాడు. అక్కడ ఒకడు అన్నానికి పోతే పక్కవాడు అతని సాంచాలను, అంటే మగ్గాలను, కూడా చూసుకుంటాడు. ఏం నేస్తున్నావని అడగడు. "జర నా జాబ్‌లు నీ పేరు మీద నడవనీ బావా" అని హారతి అన్నప్పుడు ఇతనూ ఏం జాబ్‌లని అడగకుండా పాస్‌వర్డ్ ఇచ్చేశాడు.

చేతి వాచీకున్న మీట నొక్కాడు. బయట వ్యాన్‌లో ఉన్న మఫ్టీ మనుషులకు అది పిలుపు.

తలుపు తెరుచుకుంది. జరీ చీర, నల్ల కళ్లద్దాలు. చేతిలోని లిప్‌స్టిక్ మూత కింద పెన్‌డ్రైవ్.

"ఏంది బావా, మొకం గట్ల పెట్టినవ్? అన్నం తినలేదా?"

"నువ్వు ఎవరి దిక్కు హారతీ?"

ఆమె నవ్వు ఆగిపోయింది. "ఇన్నొద్దులు అడగకపోతివి. ఇంకొక్క నిమిషం అడగకు. అది ఆగితే వాళ్లు నన్ను బతకనియ్యరు."

"నాకు చెప్తే నిన్ను దాచుకోకపోదునా?"

"యాడ దాస్తుంటివి? డిండోలిల నీ ఒంటిగదిలనా?" ఏడుస్తూనే ఎగతాళి చేసింది.

తొంభై తొమ్మిది. ఆమె పెన్‌డ్రైవ్ గుచ్చి అతని చెయ్యి పట్టుకుంది. అతను విడిపించుకోలేదు. రెండో చేత్తో క్యాన్సిల్ కొట్టాడు.

క్యూలో ఆగిన విద్యార్థుల జాబ్‌లు ఒక్కొక్కటే నడవడం మొదలుపెట్టాయి.

"బయట మనోళ్లున్నరు. వాళ్ల పహారాల ముఠా నిన్ను ముట్టది. పో."

"జైల్ల చూడ్డానికి వస్తవా?"

అతను స్క్రీన్ వైపు తిరిగాడు. తలుపు మూసుకున్న చప్పుడు వినిపించేదాకా తిరిగే ఉన్నాడు.

కంప్యూటర్ టింగుమంది. జాబ్ అతని పేరు మీదిది కాబట్టి మెయిలూ అతనికే వచ్చింది: "మీ జాబ్ మధ్యలో రద్దయింది. రద్దు చేసినవారు: ఉమాకాంత్. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం."

ఆ రోజు అతనికి విచారం తెలిపింది ఆ యంత్రం ఒక్కటే.