సరస్సు గేటు మూసినవాడు

నీటి పరీక్షల అధికారి మధ్యాహ్నం విందులో ఉడికించిన ఆల్చిప్పలు ఇష్టంగా తిన్నాడు. చెయ్యి కడుక్కోవడానికి లేచేసరికి పెదాలు మొద్దుబారాయి. నాలుక తిరగడం లేదని నవ్వబోయాడు. కాసేపటికి ఊపిరి కూడా ఆడలేదు.

గూఢచారి డిపార్ట్‌మెంట్ చీఫ్ ఈ సంగతి చెప్పినప్పుడు ‘కొంగ’ కుర్చీలోంచి కదల్లేదు. సన్నగా, పొడుగ్గా ఉంటాడని అతనికి పెట్టిన కోడ్ పేరది. చనిపోయినవాడు అతని సొంత బావ, అక్క భర్త.

“రూల్ ప్రకారం ఈ మిషన్ నీకు ఇవ్వకూడదు,” అన్నాడు చీఫ్. “కానీ ఆ సరస్సు ఒడ్డున పెరిగినవాడు మనలో ఇంకొకడు లేడు.”

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. ఉప్పునీటి సరస్సు పక్కన చేపల మేత కంపెనీ పేరుతో ఒక విదేశీ ముఠా దిగింది. రోజూ ఎరువు ద్రావణాన్ని నీళ్ళలోకి వదులుతోంది. ఆ బలానికి విషపు నాచు విరగబెరిగి నీళ్ళు తుప్పురంగుకి తిరిగాయి. ఆ మార్పును ముందుగా పసిగట్టినవాడు బావే. అందుకే కంపెనీ అతన్ని విందుకి పిలిచి, వేరే ఊరివని నమ్మించి, తమ గొట్టం దగ్గర విషమెక్కిన ఆల్చిప్పలు పెట్టింది. సముద్రం ఆటు మొదలవగానే ముఠా సరస్సు గేటు ఎత్తేస్తుంది. ఎర్రనీళ్ళు సముద్రంలోకి పారి, పక్కనే ఉప్పునీటిని మంచినీరుగా మార్చే ప్లాంటు గొట్టాల్లోకి వెళ్తాయి. ఫిల్టర్లు పూడుకుపోతే నగరానికీ, నౌకాదళానికీ తాగడానికి చుక్క ఉండదు. శత్రునౌకలు ఎదురుచూస్తున్నది ఆ దాహం కోసమే.

“గేటు మూసే ఉంచితే?” అని అడిగాడు కొంగ.

చీఫ్ కిటికీ వైపు తిరిగాడు. “నాచు లోపలే చచ్చి కుళ్ళుతుంది. నీళ్ళలో ప్రాణవాయువు అయిపోతుంది. నగరం దక్కుతుంది. సరస్సు పోతుంది.”

సరస్సులో తాళ్ళకు ఆల్చిప్పలు పెంచేది కొంగ అక్క. తమ్ముడు పంపులు బాగుచేస్తాడనే ఆమెకు తెలుసు. ఇంటికి వెళ్ళేసరికి ఆమె అరుగు మీద కూర్చుని, ఎవరూ చెప్పకపోయినా, తాళ్ళకు పట్టిన పాకుడు గీకుతోంది. ఏడవడం లేదు.

“ఊరంతా నావే అంటున్నార్రా,” అంది తలెత్తకుండా. “నేను పెంచినవి తినే పోయాడంట.”

అతను ఆమె పక్కన కూర్చుని ఒక తాడు అందుకున్నాడు. చెప్పడానికి నోటిదాకా వచ్చిన మాటని, రహస్యం దాటనివ్వనని డిపార్ట్‌మెంట్‌లో చేసిన ప్రమాణం వెనక్కి లాగింది.

మర్నాడు పంపు మెకానిక్ వేషంలో కంపెనీ గేటు దాటాడు. నడుముకు వేలాడే ప్రెషర్ గేజ్ నిజానికి వైర్‌లెస్ సెట్. ముల్లు తిప్పితే డిపార్ట్‌మెంట్ బోట్లు బయలుదేరతాయి. ఆఫీసు మెట్లమీద నల్ల కళ్ళద్దాలు, పట్టుచీర, దూరానికే తగిలే సెంటు. ముఠా నాయకుడి సెక్రటరీ.

“నీ పంపు ఎంత ఎత్తుకి నీళ్ళు లాగుతుంది?” అంది.

“మబ్బుకి అప్పిచ్చేంత.”

కోడ్ సరిపోయింది. ముఠాలో ఉన్న డిపార్ట్‌మెంట్ మనిషి, నెమలి, ఆవిడే. గేటు ఎత్తే మోటారు గది తాళంచెవి అతని చేతిలో పెట్టి, ఆటు మొదలవబోతోందని చెప్పింది. గది దాకా వెంట నడిచి, తలుపు దగ్గర ఆగింది.

“మీ బావకి ప్లేటు అందించింది నేనే.”

అతని చెయ్యి తాళం మీదే ఉండిపోయింది.

“నన్ను అనుమానించారు. పరీక్ష పెట్టారు. ఆ రోజు నేను కాదంటే ఇవాళ నీకు ఈ తాళంచెవి ఇచ్చేవాళ్ళు లేరు.” ఆమె కళ్ళద్దాలు తీసింది. కళ్ళు వాచి ఉన్నాయి. “క్షమించమని అడగడం లేదు. లోపలికి వెళ్ళు.”

అప్పటికే మోటారు తిరుగుతోంది. కొంగ గేజ్ ముల్లు తిప్పి, గేటు గొలుసును పట్టి ఉంచే మేకును సుత్తితో కొట్టాడు. రాలేదు. బయట రెండు తుపాకులు పేలాయి. మళ్ళీ కొట్టాడు. కిటికీలోంచి చూస్తే ఎర్రనీరు గేటు కిందికి నాలుక చాస్తోంది. మూడో దెబ్బకి మేకు ఎగిరిపోయింది. గేటు పిడుగులా పడింది.

బయటికి వచ్చేసరికి కాపలావాడు నేలమీద ఉన్నాడు. గుమ్మానికి ఆనుకుని నెమలి, చేతిలో చిన్న పిస్తోలు. ఊపిరి లేదు. డిపార్ట్‌మెంట్ బోట్లు వచ్చి ముఠాని పట్టుకునేదాకా కొంగ ఆమె పక్కనే నిలబడ్డాడు. ఆమె కోసం ఏడవాలో వద్దో అతనికి తేలలేదు.

వారం తిరక్కుండానే సరస్సు చచ్చింది. వెల్లకిలా తేలిన చేపల మధ్య అక్క పడవలో వెళ్ళి తాళ్ళు పైకి లాగింది. ఆల్చిప్పలన్నీ నోళ్ళు తెరిచి ఉన్నాయి. సముద్రపు నీళ్ళు వచ్చుంటే కొన్నయినా బతికేవని, ఆ గేటు మూసినవాడి చేతులు పడిపోనని తిట్టింది. కొంగ తెడ్డు వేస్తూ తలూపాడు.

ఒడ్డుకి వచ్చాక ప్రమాణాన్ని ఒక్క మాట మేరకు తప్పాడు.

“బావ తిన్నవి నీవి కావక్కా.”

ఆమె తమ్ముడి మొహంలోకి చూసింది. “నీకెలా తెలుసురా?”

అతను పడవను గుంజకు కట్టాడు. ఆమె మళ్ళీ అడగలేదు. చేతిలోని తాడు జారవిడిచి, బావ పోయాక మొదటిసారి, అతని భుజం మీద తల పెట్టి బావురుమంది.

సాయంత్రం చీఫ్ మెసేజ్ వచ్చింది. మిషన్ సక్సెస్, పైవాళ్ళు చాలా సంతోషించారు, వారం రోజులు సెలవు; ఎక్కడైనా చల్లగా నీళ్ళ ఒడ్డున విశ్రాంతి తీసుకోమని.